చీమలు పట్టని తొమ్మిది పొట్లాలు

ఆ సోమవారం పొద్దున మృగశిర కార్తె నాటి మిరుగు మబ్బు చేవెళ్ల మీదికి వచ్చి నిలబడింది. కురవలేదు, కదలలేదు. నాలుగు రోజులుగా అదే వరస. దుక్కి దున్నుకున్న రైతులు మొదటి రోజు తల ఎత్తి చూశారు, రెండో రోజు చూశారు, ఇప్పుడు చూడడం మానేశారు.

సైకిలు రిపేరు దుకాణం మీది గదిలో కుర్మయ్య నులక మంచం మీద కూర్చుని మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు. నిజాం పోలీసులో జమేదారుగా చేసి, ఆ పాలన పోయిన ఏడాదే ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. ఇరవై ఏళ్లుగా ప్రైవేటు దర్యాప్తులు చేస్తున్నాడు. తప్పిపోయిన ఎడ్లు, మారిన వీలునామాలు, ఇంట్లోంచి పోయిన బంగారం. కిటికీ దగ్గర గిద్యోను నోటుపుస్తకం తెరిచి కూర్చున్నాడు. అతను బడిపంతులు. తెలంగాణ ఉద్యమం మొదలై జనవరి నుంచి బళ్లు మూతపడ్డాక, రోజూ ఇక్కడికి వచ్చి కుర్మయ్య మాట్లాడిన ప్రతి ముక్కా రాసుకుంటున్నాడు. కుర్మయ్య ఎక్కువ మాట్లాడడు కనుక పుస్తకం ఇంకా సగం కూడా నిండలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వచ్చినామెకు ముప్పై ఏళ్లుంటాయి. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము, చీర అంచుకు పల్లేరు కాయలు.

"జమేదారు బాపు నువ్వేనా?"

"కూర్చో బిడ్డా. యాడి నుంచి?"

"మొయినాబాదు. బస్సులు లేవు గద, కోడి కూయంగ నడువవట్టిన. నా పేరు విమలమ్మ." నిలబడే అంది. "పొద్దుమూకేటాలకు మా తమ్ముణ్ణి సడక్ మీది పోలీసు క్యాంపుల అప్పజెప్తరట. ఉత్త దినాలల్లనైతె రెండు దెబ్బలు కొట్టి ఇడుస్తుండె. ఇప్పుడు కాలేజి పోరడు దొరికితె సాలు, జై తెలంగాణ అన్నడని రాసుకొని పట్నం జైలుకు తోలుతుండ్రు. పోయినోళ్లు ఇంకా రాలె."

"ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే. బొమ్మ దొంగతనం జేసిండంటుండ్రు."

"ఏం బొమ్మ?"

"కిరికెట్టు బొమ్మ."

గిద్యోను పెన్సిలు ఆగింది. కుర్మయ్య నవ్వలేదు. మంచినీళ్ల చెంబు ఆమె ముందుకు జరిపి, మొదటి నుంచి చెప్పమన్నాడు.

నెమలి మార్కు మిఠాయి బిళ్లల పొట్లంలో బిళ్లతో పాటు ఒక క్రికెట్ ఆటగాడి రంగు బొమ్మ ఉంటుంది. ఏటా కొత్త సీజనుకు కొత్త బొమ్మలు. మొయినాబాదులో ఆ ఆటను కళ్లారా చూసినవాడు లేడు. రేడియోలో విన్నవాళ్లే. అయినా ఎవరి బొమ్మ దొరికితే వాడు ఆ ఆటగాడికి చుట్టమైపోతాడు. ఈ ఏడాది కంపెనీవాళ్లు పెట్టెకొక బంగారు అంచు బొమ్మ పెట్టారు. అది పంపినవాళ్లకు కొత్త సైకిలు. కాలేజీలు మూతపడి ఊళ్లో పనిలేకుండా ఉన్న పన్నెండు మంది కుర్రాళ్లు కలిసి, కిరాణా నర్సింహులు దగ్గర పెట్టె మొత్తం తీసుకున్నారు. నలభై ఎనిమిది పొట్లాలు. సైకిలు వంతులవారీగా వాడుకోవాలని మాట.

"శనివారం పొద్దుగాల అందరి ముంగట సుతిలి కోసి సూసుకున్నరు. కంపెనీ గోందు పెట్టింది పెట్టినట్టే ఉండె. ఐతారం నాడు ప్రార్థన అయినంక చర్చి అరుగు మీద ఇప్పుదామని, చర్చి పక్క గదిల అల్మారిల పెట్టిండ్రు. తాళంచెయ్యి మా ప్రేమదాసు దగ్గర. చర్చి గంట కొట్టేది ఆడే."

"ఇప్పితె?"

విమలమ్మ ముఖం ఒక్క క్షణం తెరిపిచ్చింది. "అబ్బ, మస్తుండె బాపు. ఒక్కొక్కడు కండ్లు మూసుకొని పొట్లం తీసుడు, అంచు పట్టి సిన్నగ సింపుడు. బౌలరొచ్చిండని ఒకడు, వానిది నా తానున్నది మార్సుకుందామని ఒకడు. ముసలోళ్లు సుత వంగి సూసిండ్రు. ఆర్నెల్లాయె బాపు, ఊరంత ఒక్కతాన నవ్వక. చీమలు పట్టి ఉండె పొట్లాలకు, ఊదుకుంట ఇప్పిండ్రు. ముప్పై ఒకటో పొట్లంల బిళ్ల ఉన్నది, బొమ్మ లేదు. ఇగ లొల్లి. తతిమ్మయన్ని సింపిండ్రు. బంగారపంచు బొమ్మ లేనే లేదు. సూస్తె కొన్ని పొట్లాలకు గోందు మీద పిండి లై పూసి అతికి ఉన్నది."

"లై ఎవరి దగ్గరున్నది?"

ఆమె తల వంచుకుంది. "గోడలకు కాయితాలు అంటుపెట్టే డబ్బ శనివారం మా తమ్ముని దగ్గరనే ఉండె."

*

పశువుల దాణా దింపి ఖాళీగా ఉన్న ఎడ్లబండి పోనూ రానూ దొరికింది. దారి పొడుగునా రోడ్డుకు అడ్డంగా పడేసిన రాళ్లను పక్కకు తొలగించుకుంటూ పోవలసి వచ్చింది. కనకమామిడి దాటాక కుర్మయ్య ఈడు బండివాడు, "రాళ్లు పెట్టేటోళ్లు పెడ్తరు, తీసేటోళ్లు తీస్తరు, నడుమ నా ఎడ్లకు నడుములు పోతున్నయి" అన్నాడు.

మొయినాబాదు చర్చి చిన్నది. ముందు అరుగు, పక్కన ఒక గది. గది గుమ్మంలో కుర్చీ వేసుకుని సంఘ పెద్ద పేతురు కాపలా ఉన్నాడు. లోపల ప్రేమదాసు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లవాడు, రాత్రంతా నిద్ర లేని కళ్లు.

"పొట్లాలు ముట్టలేదు కద?" అన్నాడు కుర్మయ్య.

"ఎక్కడియక్కడనే ఉన్నయి జమేదార్ సాబ్," అన్నాడు పేతురు. "బిళ్లలు ఆదివారం బడి పోరలకు పంచుదామని పొట్లాలల్లనే ఉంచినం. లొల్లిల పంచనే లేదు."

బల్ల మీద చిరిగిన పొట్లాలు పరిచి ఉన్నాయి. కుర్మయ్య వంగి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. గోడలోంచి చీమల బారు దిగి బల్లకాలు మీదుగా పైకి ఎక్కుతోంది. పొట్లంలోకి దూరుతున్నాయి, ఇవతలికి వస్తున్నాయి. కొన్ని చోట్ల మాత్రం బారు పక్కకు వంగి చుట్టు తిరిగి పోతోంది.

"గిద్యోనూ, చీమలు లేని పొట్లాలు ఏరు."

గిద్యోను ఏరాడు. తొమ్మిది తేలాయి. తొమ్మిదింటికీ గోందు మీద లై ఉంది. ఎండిన లై తెలుపులో కొద్దిగా నీలం. మడతలు మాత్రం కంపెనీ మడతల కంటే నున్నగా, ఎవరో గట్టిదానితో రుద్దినట్టు మెరుస్తున్నాయి. బొమ్మ లేని పొట్లం కూడా ఆ తొమ్మిదిలో ఉంది.

"ఈ తొమ్మిది పక్కకు పెట్టు. పేతురూ, ఈ బిళ్లలు పోరలకు పెట్టకు."

"ఎందుకు సాబ్?"

"పెట్టకు."

తర్వాత గది చుట్టూ చూశాడు. అల్మారా, గంట తాడు, నీళ్ల కుండ, మూలన షాబాదు బండ కింద అణిచిపెట్టిన ఆరు కీర్తనల పుస్తకాలు. పై పుస్తకం అట్ట మీద చెయ్యి వేసి తీశాడు. అట్ట ఇంకా లై చెమ్మతో చల్లగా ఉంది.

ప్రేమదాసు ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"శనివారం ఈ గదిలకు ఎవరొచ్చిండ్రు?"

"బయటోళ్లు ఎవ్వరు రాలేదు సాబ్."

"అల్మారి తెరిచినవా?"

"కీర్తనల పుస్తకాలు తియ్యనీకి ఒక్కసారి తెరిచిన. గప్పుడే జై తెలంగాణ జులూస్ వచ్చింది, పిలిస్తె పోయిన. గంట సేపట్ల వచ్చి తాళమేసిన."

"గంట సేపు అల్మారి తెరిచే ఉండె."

"ఉండె. గని బయటోళ్లు రాలేదు సాబ్, దేవుని తోడు."

"లై డబ్బ?"

"జులూస్‌కు తీస్కపోయిన. రాత్రి మల్ల తెచ్చుకున్న."

కుర్మయ్య లేచాడు. ఇంకా అడుగుతాడని గిద్యోను పెన్సిలు పట్టుకునే ఉన్నాడు. అడగలేదు.

*

బయట వేపచెట్టు కింద కుర్రాళ్లు గుంపుగా ఉన్నారు. ముందున్నవాడు ఎల్లేశ్. ప్రేమదాసే దొంగ అని మొదట అన్నది అతనే. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏందన్నా, పట్నం సీఐడీ అనుకున్నం, ముసలాయన వచ్చిండు," అన్నాడు స్నేహితుల వైపు చూసి.

"ముసలాయనకే తీరిక ఉంటది," అన్నాడు కుర్మయ్య. "లై ఎవరు కాస్తరు?"

"మా అవ్వ. మైదపిండి, నీళ్లు. గంతే. అండ్ల మసాల ఏముంటది?"

"గోడల మీద కాయితాలు నిలుస్తున్నయా?"

వెనక ఎవరో నవ్వారు. "యాడ నిలుస్తయి! జంగమ్మ మేకలు వీని కాయితాలు తప్ప గడ్డి ముడ్తలేవు. తెల్లారేటాలకు జై ఉంటది, తెలంగాణ ఉండది."

"మేకలకు జబ్బేం రాలేదు?"

"జబ్బా? మస్తు బలిసినయి!"

ఎల్లేశ్ నవ్వలేదు. "లై ఎవని దగ్గరున్నది, తాళంచెయ్యి ఎవని దగ్గరున్నది? ఇంక పూసగుచ్చాల్నా? పైసల గురించో బొమ్మల గురించో కాదు సాబ్. పన్నెండు మందిమి ఒక్క మాట మీద ఉన్నమనుకున్నం. ఏడాది చదువు పోయింది, దానికి ఏడ్వలే. మా అందర్ల ఒకడు గిట్ల చేసిండంటె..."

కిరాణా నర్సింహులు తన వంతు వచ్చేసరికి చేతులు జోడించాడు. "నా దుకాణంల ఉన్నంత సేపు సుతిలి ఇప్పలే సాబ్. ముద్ర మీద ముద్ర. పన్నెండు మంది సూసి తీస్కున్నరు. ఆ తర్వాత నేను చర్చి గడప తొక్కలే. నేను హనుమాండ్ల గుడికి పోయేటోణ్ణి."

"తెలుసు. పో."

అరుగు చివర ఒక ముసలాయన కాళ్లు చాపుకుని పాత పుస్తకానికి బైండు దారం కుడుతున్నాడు. పక్కన సూదులు, మైనపు ముద్ద, వేలెడంత నున్నని ఎముక ముక్క. ఊళ్లో గొడవ తన చెవిన పడనట్టే ఉన్నాడు. కుర్మయ్య ఆయన పక్కన కూలబడి మోకాలు పట్టుకున్నాడు.

"జిల్దు కట్టే శాంతయ్య అని పేతురు చెప్పిండు, నువ్వేనా తాతా? నా కన్న పెద్దోనివే."

"నేనే."

"ఈ పుస్తకం జిల్దు ఎన్నేండ్లది?"

"పందొమ్మిది. దారం తెగింది గని అట్టకేం గాలె." శాంతయ్య దానిని తిప్పి చూపించాడు. "నేను కట్టినదానికి పురుగు రాదు, చెదలు సుత రాదు."

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు. మా ముసల్ది బీరమ్మ అనంతగిరి దవాఖానల ఉన్నది. ఛాతి బీమారి." సూది మైనంలో గుచ్చాడు. "ఆరు వారాలాయె."

"పోయి సూసొస్తున్నవా?"

"బస్సులు లేవు గద. రెండుసార్లు నడిచిన. రెండోసారి పరిగి రోడ్డు మీద పడ్డ. ఎవరో బండోళ్లు ఏసుకొచ్చిండ్రు."

కుర్మయ్య లేచి అరుగు దిగాడు. మబ్బు ఉరమకుండా, కురవకుండా ఇంకా అక్కడే ఉంది. గిద్యోను దగ్గరికి వచ్చి, "సాబ్, నాకేం తెలుస్తలేదు" అన్నాడు.

"నాకు తెలిసింది," అన్నాడు కుర్మయ్య. "తెలవకుంటె మంచిగుంటుండె."

*

పొద్దు వాలుతుండగా అందరినీ అరుగు మీదికి పిలిచాడు. కుర్రాళ్లు, నర్సింహులు, పేతురు, ప్రేమదాసు, విమలమ్మ. శాంతయ్య తన చోటనే కూర్చుని ఉన్నాడు. కుర్మయ్య తొమ్మిది పొట్లాలూ గిద్యోను చేత బల్ల మీద పెట్టించి, నిలబడే మాట్లాడాడు.

"నర్సింహులు దుకాణంల ఉన్నప్పుడు ఏం గాలే. శనివారం పొద్దుగాల గోందు సాఫ్‌గ ఉన్నది, పన్నెండు మంది సూసిండ్రు. ఐతారం నాటికి తొమ్మిది పొట్లాలు ఇప్పి, మల్ల అతికి ఉన్నయి. ఎనిమిదిట్ల మామూలు బొమ్మలే వచ్చినయి, వాటిని వాటిల్లనే పెట్టిండు. తొమ్మిదోదాంట్ల బంగారపంచుది దొరికింది. అది తీసుకున్నడు. అండ్ల పెట్టనీకి ఇంకో బొమ్మ లేదు, ఉత్త బిళ్లతోనే మూసిండు. ఇంతవరకు ఎల్లేశ్ చెప్పింది సరైనదే."

"మరి?" అన్నాడు ఎల్లేశ్.

"మరి చీమలు. మిరుగు మబ్బుకు చీమలు గోడలు పట్టి ఎక్కుతున్నయి. తీపున్నకాడికి పోతున్నయి. ముప్పై తొమ్మిది పొట్లాలల్ల జొచ్చినయి, ఈ తొమ్మిదిట్లకు జొరలే. తొమ్మిదిట్ల తీపు తక్కువున్నదా? లేదు. లైల ఏదో ఉన్నది. ఎల్లేశ్, మీ అవ్వ కాసిన లై మేకలు నాకి బలిసినయి. చీమలు ఎందుకు నాకవు?"

కుర్మయ్య ఒక పొట్లం అంచు ఎత్తి చూపించాడు.

"ఈ లైల మైలుతుత్తం ఉన్నది. నీలం కనవడ్తది, సూడుండ్రి. విషమది, పురుగు రాకుండ కలుపుతరు. గోడ కాయితానికి ఎవ్వరు కలపరు, అది నాలుగు దినాల ముచ్చట. ఇరవై ఏండ్లు నిలవాల్సిన పనికి కలుపుతరు. ఇగ మడతలు. బొటనేలుతోని రుద్దితె ఇంత నున్నగ రాదు. ఎముకతోని రుద్దాలె."

ప్రేమదాసు అప్పటికే తల తిప్పి అరుగు చివరకు చూస్తున్నాడు.

"ప్రేమదాసూ, శనివారం పుస్తకాలు ఎవరి కోసం తీసినవు?"

"సాబ్..."

"బయటోళ్లు రాలేదన్నవు. అబద్ధం చెప్పలేదు నువ్వు. ఇరవై ఏండ్లుగ ఆ మూలకు కూర్చుండి జిల్దు కట్టే మనిషి నీ లెక్కల బయటోడు కాదు. ఈ ఊర్ల ఎవ్వరి లెక్కల కాదు. గంట కొట్టే తాడు లెక్క, కుండ లెక్క. అందుకే ఆయన ఉన్నడని ఎవ్వరికి యాదికి రాలే."

కుర్మయ్య గదిలోకి వెళ్లి, బండ కింది పుస్తకాలు తెచ్చి శాంతయ్య ముందు పెట్టాడు. ఆరింటిలో నాలుగోదాని అట్ట మిగతావాటి కంటే వెంట్రుకవాసి లావు.

"నువ్వు కట్టిన జిల్దు నేను చింపలేను తాతా. నువ్వే ఇప్పు."

శాంతయ్య సూది పక్కన పెట్టాడు. తర్వాత కత్తి తీసి, అట్ట లోపలి కాగితాన్ని అంచు వెంట కోశాడు. బంగారు అంచు బొమ్మ జారి ఒళ్లో పడింది. బ్యాటు ఎత్తి నిలబడ్డ తెల్లబట్టల మనిషి. ఆ ఆట పేరైనా శాంతయ్యకు సరిగ్గా తెలియదు.

"లై నా ముంగటనే ఉండె," అన్నాడు. "మూసేటప్పుడు సక్కగ మూయాలె గద అని..."

"అండ్ల తినే బిళ్ల ఉన్నదని యాదికి రాలేదా?"

"లేదు. నా లైల అది ఎప్పటికి ఉంటది. చెయ్యి పోయిన తీరు పోయింది." తల ఎత్తకుండానే చెప్పాడు. "కంపెనీ మోసమనుకుంటరనుకున్న. పిలగాని మీదికి వస్తదనుకోలె. వచ్చినంక చెప్దామని రాత్రంత లేస్త, మల్ల కూర్చుంట. నాకు సైకిలు తొక్కరాదు గూడ. ఎవరన్న ఎనకకు ఎక్కించుకొని పోతరనుకున్న. ఒక్కపారి సూసొస్త అనుకున్న."

పేతురు పడమటి వైపు చూశాడు. పోలీసు క్యాంపుకు మాట ఇచ్చింది ఆయనే. "పొద్దుమూకుతున్నది. క్యాంపోళ్లకు ఎవరినో ఒకరిని తెస్తనని చెప్పిన," అన్నాడు మెల్లగా. "ఎల్లేశ్?"

ఎల్లేశ్ ప్రేమదాసు వైపు చూశాడు.

"నాకెందుకు సూస్తవు?" అన్నాడు ప్రేమదాసు. "నిన్నటి సంది నన్ను సూడలేదు గద." పేతురు వైపు తిరిగాడు. "ఆయనను తోలకుండ్రి. నన్నుంచిన గదిల కూర్చుంటె తెలుస్తది మీకు. ఎవ్వరిని తోలకుండ్రి."

పేతురు తుండుగుడ్డ దులుపుకుని, దొంగతనం జరగలేదని చెప్పి రావడానికి క్యాంపు వైపు నడిచాడు. గిద్యోను పుస్తకం మూశాడు. ఎంత గొప్ప దర్యాప్తు అని అనబోయి, కుర్మయ్య ముఖం చూసి మానేశాడు.

కుర్మయ్య శాంతయ్య పక్కన కూర్చున్నాడు. "మా బండి చేవెళ్లకు పోతది తాతా. అక్కడ పండుకొని, పొద్దుగాల ఇంకో బండి మాట్లాడ్త. రేపు మాపటికల్ల అనంతగిరిల ఉంటవు."

"ఏ మొఖంతోని పోను? ఎట్లొచ్చినవని అడుగుతది."

కుర్మయ్య సూదులు, మైనం, ఎముక ముక్క ఏరి ఆయన చేతికిచ్చాడు.

*

చేవెళ్లకు బయలుదేరే ముందు తిని పొమ్మని విమలమ్మ అందరినీ ఇంటికి తీసుకువెళ్లింది. వాకిట్లో చాప పరిచింది. కుర్మయ్య, గిద్యోను, బండివాడు, తిరిగి వచ్చిన పేతురు వరుసగా కూర్చున్నారు. ఎల్లేశ్ పిలవకుండానే వచ్చి చివర కూర్చున్నాడు. ప్రేమదాసు ఇంట్లోంచి కంచం తెచ్చుకుని వాడికి ఎడంగా కూర్చున్నాడు. శాంతయ్య గడప దగ్గర నిలబడి ఉంటే, కుర్మయ్య జరిగి చోటిచ్చాడు.

జొన్న రొట్టెలు, పుంటికూర, ఉల్లిగడ్డ. విమలమ్మ ఒక్కొక్కరి కంచంలో రెండేసి రొట్టెలు వేసుకుంటూ వచ్చింది. శాంతయ్య దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి గంప మీదనే ఆగిపోయింది. ఎవరూ తల ఎత్తలేదు. ఆయన కూడా ఎత్తలేదు. తర్వాత ఆమె రెండు రొట్టెలు తీసి ఆయన కంచంలో వేసి, కూర వేసి, చెంబుతో నీళ్లు పెట్టి ముందుకు పోయింది.

అందరూ తిన్నారు.